పురుగుమందు ఒంటికెక్కు దారి

ప్రత్తి, మిరప పండించు మన గుంటూరు, ప్రకాశము సీమలలో పురుగుమందుతో పని పడని ఇల్లు అరుదు. 2022లో జిల్లాలు విడిపోయి పలనాడు, బాపట్ల అను క్రొత్త పేర్లు వచ్చినవి గాని నల్లరేగడి మారలేదు, చీడలు తగ్గలేదు, వీపున డబ్బా తగిలించుకొని చేలోనికి దిగు మనిషి పాటు మారలేదు. ఏ పురుగుకు ఏ మందు, ఎకరమునకు ఎంత మోతాదు అను విషయములు ఇటువంటి పత్రికలలో తరచు వచ్చుచునే యుండును. ఆ మోతాదును మోసికొనిపోయి చల్లు మనిషికి ఏమగుచున్నదను సంగతి అంత తరచుగా రాదు. ఈ వ్యాసమున పురుగును కొంచెము ప్రక్కకు పెట్టి మనిషిని గూర్చి చెప్పుకొందము.

మందు చల్లు రైతులను ఈ విషయమై కదిపినచో సాధారణముగా మూడు సమాధానములు వచ్చును. "ముక్కుకు గుడ్డ కట్టుకుంటూనే ఉన్నానండీ" అనునది మొదటిది. "మా ఇంటిది మందు కొట్టదు, నీళ్ళు అందిస్తుంది, అంతే" అనునది రెండవది. "ఇరవై ఏళ్ళ నుంచి కొడుతున్నాను, ఒళ్ళు అలవాటు పడిపోయింది" అనునది మూడవది. వినుటకు మూడును సబబుగానే తోచును. కాని విశ్వవిద్యాలయములవారు కొలిచి చూచినప్పుడు మూడింటిలో ఏదియు నిలువలేదు.

ముక్కు దారి చిన్నది

1958లో కేరళలో ఆహారపదార్థములతోపాటు ఓడలో తెచ్చిన పారథియాన్ అను పురుగుమందు కారి, ఆ తిండిలో కలిసి, వందమందికి పైగా చనిపోయిరి. మన దేశములో 1968లో క్రిమిసంహారక మందుల చట్టము వచ్చుటకు ఆ దుర్ఘటనయే మూలము. అది నోటి దారిన పోయిన విషము. అదే పారథియాన్ చర్మము దారిన ఎంత పోగలదో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు పరీక్షించి 1971లో ఫలితములను ప్రకటించిరి. అపాయము లేనంత స్వల్పముగా మందును మనుష్యుల ఒంటిపై వేర్వేరు తావులలో పూసి, అందులో ఎంత భాగము లోనికి ఇంకి మూత్రములో బయటపడినదో లెక్కకట్టిరి.

ముంజేతిమీద పూసిన మందులో నూటికి 9 పాళ్ళు లోనికి పోయినది. అరచేతినుండి 12 పాళ్ళు, పొట్టమీదినుండి 18 పాళ్ళు, తల మాడునుండి 32 పాళ్ళు, నుదుటినుండి 36 పాళ్ళు, చంకనుండి 64 పాళ్ళు పోయినది. మగవారి వృషణములపై చర్మమునుండి ఇంచుమించు పూసినదంతయు లోనికి పోయినది. అనగా ముంజేతిమీద పడిన చుక్క కంటె తొడల సందున చేరిన చుక్క పది రెట్లకు పైగా చేటు చేయును.

ఈ లెక్కను చేలోనికి తీసికొనిపోయి చూడుడు. వీపున తగిలించుకొన్న డబ్బా మూతయొద్ద గాని, గొట్టము అతుకుయొద్ద గాని కొంచెము కారుచుండును. ఆ కారిన నీరు వీపుమీదుగా దిగి నడుమున లుంగీ ముడిలోనో నిక్కరు బిగువులోనో చేరి, అక్కడినుండి తొడల సందునకు పోవును. బట్ట తడిసిన తరువాత అది మందును ఆపు బట్ట కాదు, మందును చర్మమునకు అదిమి పట్టియుంచు కట్టు. పని ముగియువరకు మూడు నాలుగు గంటలు ఆ కట్టు అట్లే యుండును. ముక్కుకు కట్టుకొన్న తువ్వాలు సంగతి మరియు చిత్రము. నడుమ నడుమ దానినే విప్పి నుదుటి చెమట తుడుచుకొందురు. తువ్వాలుకు పట్టిన తుంపరను నూటికి 36 పాళ్ళు లోనికి పీల్చు చోటున స్వహస్తముతో రుద్దుకొన్నట్లే గదా!

నేల సాగునకు చల్లు పెద్ద తుంపర ఊపిరితిత్తులలోనికి పోవునది కొద్ది. చర్మముపై పడునది చాల హెచ్చు. తైవాన్ పంపు అని మనవారు పిలుచు ఇంజను స్ప్రేయరుతో తుంపర సన్నబడును గనుక ముక్కు దారి కూడ కొంత తెరచుకొనును. అందుచేత ముక్కుకు రక్షణ అనవసరమని నేననుట లేదు. ముక్కుకు కట్టుకొని తక్కిన ఒళ్ళంతయు వదలివేయుట, దొంగలు వాకిటినుండి వచ్చుచుండగా కిటికీకి గడియ వేయుట వంటిది.

ఖరీదైన రక్షణ దుస్తులు మన ఎండలో గంటసేపు ధరించుట కష్టమే. ధరించినవారు వడదెబ్బ తినిన సంగతియు కలదు. అయినను చేయదగినది లేకపోలేదు. నిండు చేతుల చొక్కా, నిండు పంట్లాము వేసికొని, డబ్బాకును వీపునకును మధ్య నడుము క్రిందివరకు వచ్చునట్లు ఒక మందపాటి ప్లాస్టిక్ పట్టాను కట్టుకొనవలెను. ఎరువు బస్తా లోపలి పలుచని కవరు చాలదు, చినుగును. ముందువైపు మోకాళ్ళు దాటునట్లు మరియొక పట్టా కట్టుకొన్నచో మిరపచేలో తడిసిన కొమ్మలు తొడలకు రాసికొనవు. చేతులకు నైట్రైలు రబ్బరు తొడుగులు మంచివి. గుడ్డ తొడుగులు, తోలు తొడుగులు మందును పీల్చి చేతికే పట్టించును గనుక వానికంటె వట్టిచేయి నయము, వట్టిచేతినైన కడుగవచ్చును. మందు చల్లుట తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదురకముందే ముగింపవలెను. చల్లువాడు తాను తడిపిన సాలులోనికే నడువకుండ, గాలి ప్రక్కనుండి వీచునట్లు చూచుకొని, తడవని వైపునకు జరుగుచు పోవలెను.

ప్రత్తి విషయములో ఒక ప్రత్యేకపు అపాయము గలదు. చెట్టు ఛాతీ ఎత్తు దాటిన తరువాత నాజిలును తల ఎత్తునకు లేపవలసివచ్చును, తుంపర తిరిగి ముఖముపైనే పడును. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో ఏపుగా పెరిగిన ప్రత్తిచేలలో మందు చల్లుచు ఇరువదిమందికి పైగా చనిపోయిరి, వందలకొలది మంది ఆసుపత్రుల పాలైరి. అటువంటి చేలో మందు చల్లుటకంటె, తల త్రుంచి చెట్టును అదుపులో నుంచుట ముందుగా చేయవలసిన పని.

నీళ్ళందించు చేయి

ఇక రెండవ మాట. ఇది నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది, అందరికంటె తక్కువగా పట్టించుకొన్నది.

నెదర్లాండ్స్ దేశములోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయపు పరిశోధకురాలు ఫ్రాన్సెస్కా మాన్సీనీ, ఆమె సహచరులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు గ్రామములలో ప్రత్తి కాలమంతయు ఒక పరిశీలన జరిపి 2005లో ప్రచురించిరి. వారు డాక్టరులను గాని, కంపెనీలను గాని అడుగలేదు. ప్రత్తి సాగుచేయు 50 మంది ఆడవారికి విషలక్షణములను గుర్తించుట నేర్పిరి. మందుతో పని పడిన ప్రతి పర్యాయము తమకును, తమ ఇంటి మగవారు 47 మందికిని ఏమి బాధ కలిగినదో ఆ స్త్రీలే తెలియజేసిరి.

అట్లు నమోదైనవి 323 పర్యాయములు. వానిలో నూటికి 84 పర్యాయములు ఏదో యొక విషలక్షణము కనబడినది. నూటికి 10 పర్యాయములు నరములకు సంబంధించిన లక్షణములు మూడుగాని అంతకు మించిగాని ఒక్కసారిగా కనబడినవి. నూటికి 6 పర్యాయములు పరిస్థితి మిక్కిలి తీవ్రముగా నుండెను. ఆ తీవ్రమైన స్థితిలో సైతము ఒక్కరును వైద్యునియొద్దకు పోలేదు. సొంత భూములు హెచ్చుగా గల ఆసాములకంటె కొద్దిపాటి చెక్క గల బీదరైతులకే తీవ్రమైన బాధలు ఎక్కువగా కలిగినవి.

అన్నిటికంటె గమనింపదగిన విషయ మేమన, మందు చల్లిన మగవారికెంత అపాయమో, మందు కలిపి డబ్బాలు నింపిన ఆడవారికిని అంత అపాయము కలిగినది. ఇది వింతగా తోచవచ్చును గాని లెక్క వేసినచో వింత లేదు. ప్రొఫెనోఫాస్ 50 శాతపు మందును లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున కలుపుదుము. అనగా సీసాలోని మందు, చల్లు మందుకంటె 500 రెట్లు చిక్కన. సీసానుండి వంచునపుడు ఒక్క చెంచాడు, అనగా 5 మిల్లీలీటర్లు, చేతిమీద ఒలికినచో రెండున్నర లీటర్ల కలిపిన మందును చేతిమీద పోసికొన్నంత విషము పడినట్లు. చల్లువాని ఒంటిమీద నాలుగు గంటలలో పడనంత విషము కలుపునామె ముంజేతిమీద ఒక్క క్షణములో పడవచ్చును. ఆమె దానిని చీరకొంగుకు తుడుచుకొని తరువాతి డబ్బా నింపును. కర్ర దొరకనపుడు డ్రమ్ములో చేయి పెట్టి కలుపుటయు మన యూళ్ళలో అందరు ఎరిగినదే.

కనుక ఇంటిలో రబ్బరు తొడుగులు ఒక్క జతయే యున్నచో అది మందు కలుపువారికి చెందవలెను. కొలత గ్లాసు వాడవలెను, సీసా మూతతో కొలువరాదు. కలుపుటకు పొడుగాటి కర్ర ఒకటి డ్రమ్ముయొద్దనే ఉంచవలెను. ఒక బక్కెట్టెడు మంచినీరు, ఒక సబ్బు అక్కడే యుండవలెను. మందు ఒలికిన వెంటనే కడుగుకొన్నచో లోనికి ఇంకకముందే చాలభాగము పోవును. గర్భవతులును, పాలిచ్చు తల్లులును, పిల్లలును ఈ పనికి రానేరాదు.

ప్రత్తి తొలిదశలో రసము పీల్చు పురుగులకు కాండమునకు మందు పూయు పద్ధతిని మనము ప్రోత్సహించుచున్నాము. ఇది మంచి పద్ధతి. మందు గాలిలోనికి పోదు, మిత్రపురుగులు చావవు, ఖర్చు తక్కువ. కాని ఇమిడాక్లోప్రిడ్ ఒక పాలునకు నీరు 20 పాళ్ళే కలుపుదుము. చల్లు మందుకంటె ఇది ఎంతో చిక్కన. బ్రష్షు పట్టుకొని వంగి మొక్క మొక్కకు పూయువారు చాలచోట్ల ఆడకూలీలే. చేతొడుగు లేకుండ వారిచేత ఆ పని చేయించుట న్యాయము కాదు.

మిరపకోతల సంగతియు ఇక్కడనే చెప్పవలెను. కర్నూలు మొదలగు దూరప్రాంతములనుండి కుటుంబములకు కుటుంబములు మన చేలకు కోతలకు వచ్చి, చేలగట్లమీద పాకలు వేసికొని వారములకొలది యుందురు. ఏ చేనికి ఏ దినమున ఏ మందు పడినదో వారికి తెలియదు, అడుగుటకు వారు ఇక్కడివారు కారు. మందు పడిన చేలో ఆకుల తడి ఆరినను విషము ఆకుమీదనే యుండును. కోయు చేతులకు, ముంజేతులకు అది పట్టుచుండును. మందునకును కోతకును మధ్య ఎన్ని దినములు ఆగవలెనో మందుతోపాటు ఇచ్చు కాగితములో వ్రాసియుండును. ఆ గడువు తినువారి మేలు కొరకే యని కొందరనుకొందురు. కోయువారి మేలు కొరకు కూడ. కోతకే గాక, కలుపునకో నీరు పెట్టుటకో అయినను మందు చల్లిన మరుసటి దినమువరకు చేలోనికి ఎవ్వరిని దింపరాదు. చేని గట్టున ఒక కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టినచో చదువురానివారికిని తెలియును.

ఇంకొక చిన్న సంగతి గలదు. మన ప్రాంతములో ఆడవారు చేనికి పోవునపుడు చీరపై మగవారి నిండుచేతుల చొక్కా తొడుగుకొందురు. చాల మంచి అలవాటు. కాని ఆ చొక్కా నిన్న భర్త మందు చల్లినపుడు వేసికొన్నదే యైనచో రక్షణ కొరకు తొడిగినది విషపుతొడుగు అగును. మందు చొక్కా వేరుగ నుండవలెను, పిల్లల బట్టలతో కలిపి నానవేయరాదు, వేడినీటిలో సబ్బుపొడి వేసి వేరుగ ఉతుకవలెను. ఉతుకువారు కూడ ఆడవారే యని మరువరాదు.

అలవాటు పడుట కాదు, అరిగిపోవుట

"ఒళ్ళు అలవాటు పడింది" అనువారికి సమాధానము చెప్పుటకు మందు ఒంటిలో చేయు పనిని కొంచెము వివరింపవలెను.

క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, క్వినాల్‌ఫాస్, ఎసిఫేట్ మొదలగునవి ఆర్గానో ఫాస్ఫరస్ జాతి మందులు. పైన చెప్పిన పరిశీలనలో నూటికి 47 పర్యాయములు చల్లినవి ఈ జాతివే. ఇవి నరములమీద పనిచేయును. కాలువ తూమును తలచుకొనుడు. లస్కరు వచ్చి తలుపు ఎత్తును, నీరు పారును. కావలసినంత పారిన పిదప తలుపు దించును. మన నరము కండకు పంపు సంకేతము కూడ ఇట్లే ఒక రసాయన పదార్థము రూపమున పారును. పని అయిన వెంటనే ఆ పారుదలను ఆపుటకు ఎసిటైల్‌కోలిన్‌ఎస్టరేజ్ అను పదార్థము గలదు. అదియే మన ఒంటిలోని లస్కరు. ఈ మందులు ఆ లస్కరు చేతులు కట్టివేయును. ఇక తలుపు దించువాడుండడు. చెమట ఆగదు, నోట నీరు ఆగదు, కన్నీరు ఆగదు, కడుపు మెలిపెట్టును, కండలు తమంత తామే అదరును. చివరకు ఊపిరితిత్తులలో నీరు చేరి, ఊపిరి తీయు కండలు సొలసి, ప్రాణము పోవును. పురుగును చంపు విధానమును ఇదియే, మనిషిని చంపు విధానమును ఇదియే.

ఈ లస్కరు లందరును ఒక్కసారి కట్టుబడిపోరు. కొద్ది మందు ఎక్కినపుడు కొందరు మాత్రమే పోదురు, మిగిలినవారు పని లాగుకొనివత్తురు. మనిషికి తలనొప్పియో, కొంచెము తల తిరుగుటయో తప్ప తెలియదు. పోయినవారి స్థానమున శరీరము క్రొత్తవారిని తయారుచేయుటకు వారములు పట్టును. మన మిరపచేలో వారమునకొక మందు, ఒక్కొక్క యేడు వారమునకు రెండు. ముందటి నష్టము పూడకముందే తరువాతి దెబ్బ తగులును. ఇందులో మోసమేమనగా, మెల్లమెల్లగా విషమెక్కినపుడు ఒళ్ళు కొంత సర్దుకొని లక్షణములు మందగించును. అలవాటైనదని మనిషి అనుకొనుచున్న సమయముననే లోపలి బలము అడుగంటుచుండును. తుదకొకనాడు మామూలుగా చల్లునంత మందే చల్లి మనిషి గట్టున కూలిపోవును. ఆ దినమున మందు హెచ్చుగా పడినదని కాదు, తట్టుకొనుటకు ఒంటిలో మిగులు లేదని అర్థము.

ఈ పదార్థము రక్తములో ఎంతయున్నదో పరీక్షచేసి చెప్పవచ్చును. కూలికి మందు చల్లుటయే వృత్తిగా గలవారు కాలము మొదలుకాకముందొకసారి, నడుమ నొకసారి పెద్ద ఆసుపత్రిలో ఈ పరీక్ష చేయించుకొన్నచో ఎంత తగ్గినదో తెలియును. తగ్గినవారు కొన్ని వారములు మందు జోలికి పోకుండుటయే చికిత్స.

వడదెబ్బయా, విషమా?

మందు చల్లుచు కూలబడినవానిని చూచి మనవారు మొదట అనుమాట "ఎండ కొట్టింది" అని. మజ్జిగ త్రాగించి చెట్టునీడన పరుండబెట్టుదురు. విషమైనచో ఆ రెండు గంటలే ప్రాణము తీయును. రెంటికిని భేదము తెలిసికొనుట కష్టము కాదు. వడదెబ్బలో నోరు ఎండును. ఈ విషములో నోట నీరూరి చొంగ కారును. ఈ విషములో కండ్లు చెమర్చి చూపు మసకబారును, కంటిపాప ఆవగింజంతకు కుంచించుకొని పోవును; వడదెబ్బలో పాప అట్లు కుంచించుకొనదు. కనురెప్పలు, పెదవులు, తొడకండలు సన్నగా అదరుచున్నచో, ఆయాసముతో ఛాతీలో గురగుర వినబడుచున్నచో ఇక సందేహింప పనిలేదు.

వెంటనే బట్టలు విప్పి, సబ్బునీటితో తలవెంట్రుకలు, చంకలు, గోళ్ళసందులు, తొడలసందులు మరువకుండ ఒళ్ళంతయు కడుగవలెను. కడుగువారు చేతులకు ప్లాస్టిక్ సంచులైన తొడుగుకొనవలెను. మనిషిని ఒక ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. ఉప్పునీరు, నూనె, పాలు ఏమియు నోట పోయరాదు. వాంతి చేయించుటకు ప్రయత్నింపరాదు. తెలివి తప్పుచున్న మనిషికి అది ఊపిరిగొట్టములో పడును. 108కి ఫోను చేయవలెను. ఆసుపత్రికి పోవునపుడు మందు సీసాను గాని దాని లేబిలును గాని తప్పక తీసికొనిపోవలెను. ఈ జాతి విషమునకు అట్రోపిన్ అను విరుగుడు గలదు, కాని అన్ని పురుగుమందులకును అది విరుగుడు కాదు. ఏ మందో తెలిసిననాడే డాక్టరుగారు ఆలస్యము లేకుండ సరియైన చికిత్స చేయగలరు. పైరిత్రాయిడ్ మందులు పడినపుడు ముఖమున మంట, చిమచిమ కలుగును. అది వేరు సంగతి.

సీసామీది రంగు త్రిభుజమును గూర్చి ఒక మాట. ఎరుపు మిక్కిలి విషము, పసుపు దాని తరువాతిది, నీలము, ఆకుపచ్చ క్రమముగా తక్కువవి. చల్లవలసిన మందులు రెండు మూడు సమానముగా పనిచేయునపుడు త్రిభుజము చూచి కొనుట రైతు చేతిలోని పని. అంగడివాడు ఇచ్చినదే తెచ్చుకొనుట ఎందులకు?

ప్రత్తిచేల మీద ఉస్మానియా పరిశోధనలు

పైన చెప్పినదంతయు ఆ దినము కనబడు నష్టము. కనబడని నష్టమును గూర్చి హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్ర సంస్థవారు 1980 దశకములో పరిశోధించిరి. డి. ఎస్. రూప, పి. పి. రెడ్డి, ఓ. ఎస్. రెడ్డి గార్లు ప్రత్తిచేలలో మందు చల్లు మగవారి రక్తకణములను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, మందుతో సంబంధము లేనివారికంటె వీరి కణములలో క్రోమోసోములు తెగుట, విరుగుట హెచ్చుగా నున్నట్లు 1989, 1991 సంవత్సరములలో ప్రకటించిరి. క్రోమోసోములనగా మన పోలికలను, శరీర నిర్మాణమును బిడ్డలకు అందించు పోగులు. 1991లోనే వారు వేయిమందికి పైగా దంపతులను, అనగా భర్త మందు చల్లు కుటుంబములను, మందు జోలికి పోని మరియొక వేయికి పైగా దంపతులతో పోల్చిచూచిరి. మందు చల్లువారి ఇండ్లలో గర్భస్రావములు, మృతశిశువులు ఎక్కువగా కనబడినవి. ఆ ఇండ్లలో నేరుగా మందు చల్లినది భర్త. కడుపు పోయినపుడు నింద మాత్రము భార్యమీద పడుట మన లోకరీతి.

ఈ ఫలితములను చదివి బెదరిపోవలసిన పనిలేదు. ఆనాటి మందులు వేరు. డి.డి.టి., బి.హెచ్.సి., మిథైల్ పారథియాన్ వంటివి వారు పరిశీలించిన జాబితాలో నుండెను. అవి నేడు వ్యవసాయమున నిషేధింపబడినవి. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసినది. మోనోక్రోటోఫాస్ 36 శాతపు ద్రావకముపై 2023లో కేంద్రప్రభుత్వము నిషేధపు ఉత్తరువు వెలువరించినది. పాత సీసాలు ఎవరియింట నైన అటకమీద నున్నచో వాడరాదు. కాలువలో పారవేయరాదు. రైతు సేవా కేంద్రములో అడిగి తెలిసికొనవలెను. మన సీమలో ఎన్నో యూళ్ళు సాగరు కుడికాలువ నీటితో చెరువులు నింపుకొని ఆ నీటినే త్రాగుచున్నవి. డబ్బాలను కాలువ మెట్లమీద కడుగువారు ఈ విషయమును జ్ఞాపకముంచుకొనవలెను. డబ్బాను చేలోనే మూడుమార్లు కడిగి ఆ నీటిని చేనిమీదనే చల్లివేయవచ్చును.

మందు తగ్గిననాడు

ఇన్ని జాగ్రత్తలు చెప్పిన తరువాత నిజము కూడ చెప్పవలెను. తొడుగులు, పట్టాలు, సబ్బు అన్నియు అపాయమును తగ్గించును గాని తొలగింపవు. అపాయము నిజముగా తగ్గునది చల్లు పర్యాయములు తగ్గిననాడే.

మన జిల్లాల చరిత్ర ఇందుకు సాక్ష్యము. 1980 తరువాత పైరిత్రాయిడ్ మందులు వచ్చినపుడు ప్రత్తిరైతుకు స్వర్గము దిగివచ్చినట్లు తోచినది. కొలదియేండ్లలోనే తెల్లదోమ విజృంభించినది. 1987లో శనగపచ్చ పురుగు ఈ మందులకు లొంగక పంటను తుడిచిపెట్టినది. మన రాష్ట్రపు పురుగును తీసికొనిపోయి పరీక్షించిన ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు మెకాఫ్రీ, ఆయన సహచరులు, అది పైరిత్రాయిడ్లకు నిరోధశక్తి సంపాదించినదని 1989లో ప్రకటించిరి. పురుగు చావలేదని ఇరువది ముప్పది మార్లు చల్లినవారు గలరు. పురుగు లొంగలేదు, అప్పు పెరిగినది, ఒళ్ళు గుల్లయైనది. 2002లో బి.టి. ప్రత్తి వచ్చిన పిదప కాయపురుగుకు మందులు తగ్గినవి గాని గులాబిరంగు పురుగు మరల తలయెత్తినది. మిరపలో 2021లో నల్ల తామరపురుగు వచ్చినపుడు మూడు నాలుగు మందులు ఒకే డ్రమ్ములో కలిపి కొట్టినవారి చేలును మాడినవి. అట్లు కలిపినందువలన చల్లువాని ఒంటిమీద నాలుగు విషములు ఒక్కసారిగా పడుట తప్ప వేరు లాభము కనబడలేదు.

దీనికి ఎదురుగా ఒక మంచి వార్త గలదు. మాన్సీనీ, ఆమె సహచరులు 65 మంది రైతులను రెండేండ్లు పరిశీలించి 2009లో ప్రకటించిరి. 2003లో వారు మామూలు పద్ధతిలో మందులు చల్లిరి. సమగ్ర సస్యరక్షణలో శిక్షణ పొంది 2004లో ప్రతివారము చేలో పురుగులను, మిత్రపురుగులను చూచి లెక్కించి, అవసరమైననే మందు చల్లిరి. మందుల వాడకము తగ్గినది. చల్లినవియు తక్కువ విషము గలవైనవి. విషలక్షణములు కనబడుట సగమునకు సగము తగ్గిపోయినది. రక్షణ దుస్తులను గూర్చి ఉపన్యాసములతో సాధింపలేనిది చేనిని కండ్లతో చూచుట వలన సాధ్యమైనది.

ఆ చూచు విధము మనకు క్రొత్తది కాదు. ప్రత్తిలో ఆకుల అడుగున దోమను లెక్కించుట, గులాబిరంగు పురుగుకు లింగాకర్షక బుట్టలు పెట్టుట, మిరపలో తామరపురుగుకు నీలిరంగు జిగురు అట్టలు కట్టుట, పొలము చుట్టు మూడు నాలుగు సాళ్ళు జొన్నయో సజ్జయో వేయుట, వేపగింజల కషాయము, ఇవన్నియు లాం పరిశోధనా స్థానము వారును, మన శాఖవారును చెప్పుచున్నవే. వీనికి తొడుగులు అక్కరలేదు.

గ్రామములలో ఇందుకొరకు పొలంబడి తరగతులు జరుగుచున్నవి. వీనికి పట్టాదారులు వత్తురు. మందు కలుపు ఇల్లాండ్రు, డబ్బా మోయు కూలీలు, కాండమునకు మందు పూయు అక్కచెల్లెండ్రు రారు. ప్రొద్దుటి పూట తరగతి పెట్టినచో వారు పనిలో నుందురు, కూలి పోగొట్టుకొని వచ్చి కూర్చుండలేరు. మీ యూరి తరగతిని వారికి వీలైన సాయంకాలపు వేళకు మార్పించుటకు గ్రామ వ్యవసాయ సహాయకునితో చెప్పుడు. కోతల కాలములో ఒక తరగతిని చేలగట్టున పాకలయొద్దనే పెట్టవచ్చును. ఎర్రగుడ్డ కట్టిన చేనికి అర్థమేమో ఆనాడే వారికి చెప్పవచ్చును.